కొరకడానికి ముందు ఆ నిమిషం

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, చంటిపిల్లల్ని ఎత్తుకునే వచ్చిన తల్లిదండ్రులకు, రోజంతా ఆ పిల్లల మధ్యే గడిపే టీచర్లకు పేరుపేరునా నమస్కారాలు. పసిపిల్లల క్రమశిక్షణ గురించి మాట్లాడమన్నారు. పిల్లలు పక్కవాళ్లను కొరకడం గురించే నేను మాట్లాడతాను.

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలు కొరకడం చాలా మామూలు. చివరి పాలపళ్లు, అంటే వెనక దవడపళ్లు, వచ్చేది రెండేళ్ల ప్రాంతంలోనే. చిగుళ్లు సలుపుతుంటాయి. మాటలు ఇంకా పూర్తిగా రావు, కోపం మాత్రం నిండుగా వస్తుంది. ఆకలో నిద్రో తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

నాకు కడుపు మండిన సంగతి ఒకటి చెప్పాలి. ఒక బడిలో రెండేళ్ల పాపకు ‘కొరికే పిల్ల’ అని పేరు పెట్టేశారు. గేటు దగ్గర ఆ పాప కనిపిస్తే తల్లులు తమ పిల్లల్ని పక్కకు లాక్కునేవారు. వాళ్లమ్మ ఎవరి ముఖమూ చూడలేక గబగబా వెళ్లిపోయేది. నేను ఆ క్లాసులో కూర్చుని చూశాను. భోజనానికి కాస్త ముందు, బొమ్మల అలమరకూ గోడకూ మధ్య ఇరుకు సందులో, ఒకే ఒక్క ఎర్ర లారీ కోసం నలుగురు తోసుకుంటున్నారు. ఆ పాప గౌను చేతి అంచు నోట్లో కుక్కుకుని నములుతోంది. అది తడిసి ముద్దయింది. ఆ తర్వాతే పక్క పిల్లాడి భుజం కొరికింది. అంతసేపు సూచన కనిపిస్తూనే ఉంది! అలమర జరిపి, అలాంటి లారీ ఇంకోటి తెచ్చి, నమలడానికి రబ్బరు రింగు ఇస్తే సరిపోతుందేమో చూద్దామన్నాను. అవేవీ చేయకుండానే పాపను బడి మాన్పించారు. రెండేళ్ల బిడ్డను! ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

టీచర్లూ, ఎప్పుడు కొరికారు, ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది, ఈ మూడూ రాసుకోండి. కొన్నాళ్లకు ఆ కాగితంలోనే దారి కనిపిస్తుంది. ఆ వేళకు పక్కనే ఉండండి, చెయ్యి అడ్డం పెట్టండి.

కొరికాక ముందు గాయపడిన బిడ్డను దగ్గరకు తీసుకోవాలి. సబ్బునీళ్లతో కడిగి, చల్లని గుడ్డ పెట్టాలి. చర్మం చిట్లితే డాక్టరుకు చూపించాలి. కొరికిన బిడ్డ ముందు కూర్చుని, కళ్లలోకి చూస్తూ, “కొరకొద్దు, నొప్పి పుడుతుంది” అంటే చాలు. వెంటనే “నాకివ్వు” అనడం నేర్పండి. మాట రాకపోతే చెయ్యి చాపడం నేర్పండి. తిరిగి కొరికితే బుద్ధొస్తుందనే పెద్దలున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పెద్దవాళ్లూ కొరకొచ్చని నేర్పినట్టే అవుతుంది.

వెనక వరసలో ఉన్న అమ్మలూ, బిడ్డ చేతి మీద పంటిగాటు చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది, నిజమే. కానీ ఎవరు కొరికారని అడక్కండి. రేపటి నుంచి క్లాసులో ఏం మారుస్తున్నారని అడగండి. టీచర్లూ, ఎంత ఒత్తిడి చేసినా ఆ పేరు చెప్పకండి. యాజమాన్యాలకూ ఒక మాట: గదినిండా పిల్లల్ని ఒక్క టీచరుకు అప్పజెబితే ఆ నిమిషాన్ని ఎవరు కనిపెడతారు? ఇంకో మనిషిని పెట్టండి.

మూడేళ్లు దాటాక కూడా తరచూ కొరుకుతుంటే పిల్లల డాక్టరును కలవండి. రాసుకునే కాగితం నమూనా తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. సభ అయ్యాక అక్కడే ఉంటాను. మీ క్లాసులో ఏ వేళ టెన్షన్‌గా ఉంటుందో చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం.