పొద్దు గుంకితే కొత్త రోజు

శ్రోతలకు నమస్కారం. బహాయీ మతస్థుల ఉపవాస మాసాన్ని మన శ్రీకాకుళంలో ఏ వేళకు పట్టాలో, ఏ వేళకు విడవాలో ఇవాళ చెప్పుకుందాం.

బహాయీ పంచాంగంలో నెలకు 19 రోజులు, ఏడాదికి 19 నెలలు. అంటే 361 రోజులు. తక్కువపడే నాలుగైదు రోజులను ఉపవాస మాసానికి ముందు చేరుస్తారు. వాటిని అయ్యామె హా అంటారు. మనకు అధికమాసం ఎన్నాళ్లకో వస్తే, ఈ సర్దుబాటు ఏటా ఉంటుంది. బంధువులకు భోజనం పెట్టడానికీ, లేనివారికి ఇవ్వడానికీ ఆ రోజులు.

ఆ తర్వాత 19 రోజులు, పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా అన్నం, నీళ్లు, పొగ ఏవీ ముట్టరు. పొరపాటు జరిగేది వేళల దగ్గరే. ఢిల్లీ పట్టిక చూసి నడిస్తే మనకు కుదరదు. మార్చి మొదటి వారంలో శ్రీకాకుళంలో సుమారు 6:10కే సూర్యోదయం. ఢిల్లీలో ఇంకో అరగంటకు గానీ కాదు. ఆ పట్టిక నమ్మితే, పొద్దెక్కాక కూడా చోడి అంబలి తాగుతూనే ఉంటాం. సాయంత్రం దాదాపు ఇరవై నిమిషాలు ఊరికే దాహంతో కూర్చుంటాం. మన ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయాలే చూసుకోండి. అంబలి అరగంట ముందే ముగిస్తే నింపాదిగా ప్రార్థన చేసుకోవచ్చు.

15 ఏళ్లు నిండనివారికి, 70 దాటినవారికి, జబ్బుపడ్డవారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ప్రయాణంలో ఉన్నవారికి ఉపవాసం లేదు. బరువుపని చేసేవారికీ మినహాయింపే: వల లాగేవారు, మిల్లులో మూటలు మోసేవారు నిశ్చింతగా తినవచ్చు. అయితే ఉపవాసం మీద గౌరవంతో మితంగా, చాటుగా తినడం మంచిది. మరిచిపోయి ఒక గుక్క నీళ్లు తాగితే ఉపవాసం చెడదు. పాపం, కొందరు దీనికే రోజంతా బాధపడతారు.

ఈ నియమాలకు మూలం బహాయీ మత స్థాపకుడు బహావుల్లా రాసిన కితాబె అఖ్దస్. ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న అక్కా పట్టణంలో, 1873 ప్రాంతంలో వచ్చిన గ్రంథం. విధి ప్రార్థనకు ముందు చేతులు, ముఖం కడుక్కుని, అక్కా దగ్గరున్న ఆయన సమాధి దిక్కుకు నిలబడతారు. మనకది పడమరకూ వాయవ్యానికీ మధ్య.

ఉపవాసం బహాయీల సంవత్సరాది నౌ రూజ్‌తో ముగుస్తుంది. ఉగాదిలా తిథిని బట్టి కాదు, టెహ్రాన్‌లో వసంత విషువత్తు పడే వేళను బట్టి మార్చి 20న గానీ 21న గానీ వస్తుంది. బహాయీలకు రోజు మొదలయ్యేది పొద్దు గుంకినప్పుడు కాబట్టి, క్యాలెండర్‌లో 21 అని ఉంటే 20 సాయంత్రం పొద్దు గుంకగానే పండుగ మొదలైనట్టే. విందు ఆ రాత్రే పెట్టాలి. 21 రాత్రికి పిలిస్తే, చుట్టాలు వచ్చేసరికి నౌ రూజ్ దాటిపోయి కొత్త ఏడాదిలో రెండో తేదీ నడుస్తుంటుంది.