పోయిన చోటే వెతుక్కోవాలా?

అందరికీ నమస్కారం.

పేకాటలో డబ్బు పోగొట్టుకున్నవాడికి పక్కనున్నవాళ్లు చెప్పే మాట ఒకటుంది: పోయిన చోటే వెతుక్కోవాలి. ఉంగరం పోతే అది మంచి సలహాయే. ఆరువేల డాలర్లు పోతే ఎంత చెడ్డ సలహానో ఇవాళ లెక్క వేసి చూపిస్తాను.

నా ఉద్యోగం బీమా లెక్కలు. పోకర్ ఆడతాను కూడా. ఆడమని చెప్పడానికి రాలేదు, మానమని నీతి చెప్పడానికీ రాలేదు. మనం ఉంటున్నది టెక్సస్‌లో. పోకర్‌లో మనం ఆడే టెక్సస్ హోల్డెమ్ అనే రకం పుట్టినిల్లు కార్పస్ క్రిస్టి పక్కనున్న రాబ్‌స్టౌన్ అని ఈ రాష్ట్ర శాసనసభే 2007లో తీర్మానం చేసింది. డాలస్ పక్కనున్న ప్లేనోలో, ఫ్రిస్కోలో మన ఇళ్ల గేమ్ రూముల్లో శుక్రవారం రాత్రి ఏం జరుగుతుందో ఈ హాల్లో అందరికీ తెలుసు. కొందరు అక్కడితో ఆగకుండా గంటకు ఇంతని కుర్చీ కిరాయి తీసుకునే క్లబ్బులకు వెళతారు. నా మాటలు ముఖ్యంగా వాళ్లకోసం.

బ్యాంక్‌రోల్ అంటే ఆటకోసం విడిగా పెట్టుకున్న డబ్బు. అది పూర్తిగా పోయినా ఇంటి వాయిదా ఆగకూడదు, పిల్లల ఫీజు ఆగకూడదు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది ఆగకూడదు. ఏ ఒక్కటి ఆగినా అది బ్యాంక్‌రోల్ కాదు, ఇంటి డబ్బే. ఇక క్రెడిట్ కార్డు మీద తీసింది ఇంటి డబ్బు కూడా కాదు, బ్యాంకువాడిది.

ఇంత డబ్బు పక్కన పెట్టుకోవడం ఎందుకు? బాగా ఆడేవాడు గెలుస్తాడు కదా అంటారు. గెలుస్తాడు, కానీ ఎప్పటికి? మీ చేతిలో ఆసుల జంట, ఎదుటివాడి చేతిలో రాజుల జంట ఉన్నాయి, టేబుల్ మీద ముక్కలు తెరవకముందే ఇద్దరూ డబ్బంతా ముందుకు తోశారు అనుకోండి. మీరు గెలిచే అవకాశం దాదాపు 82 శాతం. అంతకన్నా మంచి స్థితి పోకర్‌లో అరుదు. అయినా ఐదారుసార్లకు ఒకసారి ఆ రాజులు మిమ్మల్ని ఊడ్చుకుపోతారు. ఆ ఒక్కసారి ఇవాళే వచ్చిందని మన కడుపు మండుతుంది.

దీన్ని ఏడాది పొడవునా సాగదీసి చూద్దాం. ముక్కలు చూడకముందే ఇద్దరు ఆటగాళ్లు తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలను బ్లైండ్లు అంటారు. అవి ఒక డాలరు, మూడు డాలర్లు ఉన్న టేబుల్ తీసుకుందాం. దీన్ని 1-3 అంటారు. కూర్చోవడానికి మామూలుగా 300 డాలర్ల చిప్స్ కొంటారు, దాన్ని బై-ఇన్ అంటారు. పెద్ద బ్లైండ్, అంటే బిగ్ బ్లైండ్, మూడు డాలర్లు కాబట్టి అది వంద బిగ్ బ్లైండ్లు. ఏ టేబుల్‌కైనా వంద బిగ్ బ్లైండ్లే ఒక బై-ఇన్ అని పెట్టుకుందాం. కుర్చీ కిరాయి పోగా వంద హ్యాండ్లకు, అంటే వందసార్లు ముక్కలు పంచి ఆడితే, సగటున 5 బిగ్ బ్లైండ్లు మిగుల్చుకునేవాడు మంచి ఆటగాడే. కానీ ఆ వంద హ్యాండ్లలో అతని ఫలితం ఆ సగటుకు అటూ ఇటూ 90 బిగ్ బ్లైండ్ల దాకా ఊగడం మామూలే. గణితంలో దీన్ని ప్రామాణిక విచలనం అంటారు. ఈ లెక్కన పదివేల హ్యాండ్లు ఆడాక సగటున 500 బిగ్ బ్లైండ్ల లాభం రావాలి, ఊగిసలాట మాత్రం 900. అంటే అలాంటి మంచి ఆటగాళ్లు వందమంది పదివేల హ్యాండ్లు ఆడితే దాదాపు 29 మంది నష్టంతో లేస్తారు. తప్పేమీ చేయకుండానే.

ఎదురెదురుగా కూర్చుని ఆడితే గంటకు ముప్పై హ్యాండ్లు కూడా సాగవు. వారానికొక రాత్రి ఆరు గంటలు ఆడేవాడికి పదివేల హ్యాండ్లు కావడానికి ఏడాది దాటుతుంది. కాబట్టి ఏడాది ఆడి ‘నాకు ఆట వచ్చు’ అనేవాడి మాటా, ‘నాకు రాదు’ అనేవాడి మాటా రెండూ తొందరపాటే. బ్యాంక్‌రోల్ అనేది తెలివికి బహుమానం కాదు. మన ఆట నిజంగా ఎలాంటిదో తేలేదాకా కుర్చీలో ఉండటానికి కట్టే సొమ్ము.

ఎంత ఉండాలన్న దానికి మా బీమా వాళ్ల దగ్గర పాత సూత్రం ఉంది. బీమా కంపెనీ దివాలా తీసే అవకాశాన్ని ఎలా లెక్కగట్టాలో 1903లో స్వీడన్ గణితజ్ఞుడు ఫిలిప్ లుండ్‌బెర్గ్ ఆలోచించాడు. పోకర్ వాళ్లు వాడేదీ ఆ కుటుంబంలోదే. ఇందాకటి మంచి ఆటగాడి దగ్గర 20 బై-ఇన్లు, అంటే 6,000 డాలర్లు ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు మొత్తం ఊడ్చుకుపోయే అవకాశం 8.5 శాతం. అదే 40 బై-ఇన్లు, 12,000 డాలర్లు ఉంటే ఒక శాతం కూడా లేదు, 0.7. ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది, మీ లాభం 5 కాక 2 బిగ్ బ్లైండ్లే అయితే 20 బై-ఇన్లతో ఆ అవకాశం 37 శాతానికి లేస్తుంది. మనలో ఎక్కువమంది తాము 5 అనుకునే 2లు. సున్నా కంటే కింద ఉన్నవాళ్లకు ఎంత డబ్బున్నా చివరికి నూటికి నూరు శాతమే, కాలమే తేడా. రెండో మెలిక ఎవరూ చెప్పరు. ఈ లెక్కలన్నీ గెలిచినది తీసి ఖర్చు పెట్టకుండా ఉంటేనే. లాభంలో సగం ఇంటికి తెచ్చుకుంటూ పోతే 8.5 కాస్తా 29 అవుతుంది. మొత్తం తెచ్చుకుంటే ఏదో ఒకరోజు ఖాళీ కావడం ఖాయం. ఉద్యోగం మానేసి ఆట మీదే బతుకుదామనుకునే కుర్రవాళ్లు ఈ ఒక్క ముక్క రాసిపెట్టుకోండి.

నియమాల విషయానికొస్తే క్రిస్ ఫెర్గూసన్ పేరు చెప్పాలి. 2000 సంవత్సరపు ప్రపంచ పోకర్ సిరీస్ విజేత. 2006లో ఆన్‌లైన్‌లో సున్నాతో మొదలుపెట్టి, ఉచిత పోటీల్లో గెలిచిన చిల్లరతో పదివేల డాలర్ల దాకా వెళ్లాడు. ఏడాదికి పైనే పట్టింది. ఆయన పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి: ఏ టేబుల్‌కైనా ఉన్న డబ్బులో 5 శాతం మించి తీసుకెళ్లకూడదు. పెద్ద టోర్నమెంటు ప్రవేశ రుసుము 2 శాతం మించకూడదు. గెలుస్తూ ఉండి టేబుల్ మీద తన ముందున్న డబ్బు బ్యాంక్‌రోల్‌లో 10 శాతం దాటితే బ్లైండ్ తన దగ్గరికి రాగానే లేచి వెళ్లిపోవాలి. మూడోది చదివి చాలామంది నవ్వుతారు, గెలుస్తున్నప్పుడు లేవడమేమిటని. కానీ పందేనికి పరిమితి లేని నోలిమిట్ ఆటలో ముందున్నదంతా ఒక్క హ్యాండ్‌లో పోవచ్చు. గెలిచిన డబ్బు కూడా మన డబ్బే.

ఈ కథకు చేదు కొస ఉంది. ఆయన ఆడింది ఫుల్ టిల్ట్ పోకర్ అనే సైటులో, ఆ కంపెనీ బోర్డులో ఆయన కూడా సభ్యుడు. 2011 మార్చి చివరికి ఆ కంపెనీ ఆటగాళ్లకు ఇవ్వవలసింది దాదాపు 39 కోట్ల డాలర్లు, బ్యాంకులో ఉన్నది 6 కోట్లు అని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. తమ డబ్బును 5 శాతం నియమంతో కాపాడుకున్న ఆటగాళ్లకు కూడా అది ఏళ్ల తరబడి చేతికి రాలేదు. ఎంత పందెం కాస్తున్నామన్నది ఒక ప్రమాదమైతే, డబ్బు ఎవరి దగ్గర ఉందన్నది ఇంకొకటి.

ఇక పోగొట్టుకున్నవాళ్ల సంగతి. నేను అసలు వచ్చింది దీనికే.

12,000 డాలర్లతో 1-3 ఆడేవాడు చెడ్డ కాలంలో 6,000 పోగొట్టుకున్నాడనుకోండి. సగం పోయింది. సగం పోతే మళ్లీ మునుపటి చోటికి రావడానికి ఉన్నది రెట్టింపు కావాలి. ఇక్కడ బుర్రలో ఏం జరుగుతుందో మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే చూపించారు. లాభం కళ్లముందు ఉన్నప్పుడు మనిషి నిలకడగా ఉన్నది తీసుకుంటాడు. నష్టం కళ్లముందు ఉన్నప్పుడు దాన్ని ఒప్పుకోలేక జూదమాడతాడు. కాబట్టి మనవాడు చూపు 2-5 టేబుల్ వైపు తిప్పుతాడు. అక్కడైతే రెండు మంచి రాత్రులు చాలు కదా!

లెక్క చూద్దాం. మిగిలిన 6,000తో 1-3లోనే ఉంటే మునిగే అవకాశం ఇందాక చెప్పిన 8.5 శాతమే. 2-5కి వెళితే అదే డబ్బు 12 బై-ఇన్లే అవుతుంది. అక్కడ కూర్చునేవాళ్లు ఇంకా గట్టివాళ్లు కాబట్టి లాభం 5 నుంచి 2కు పడిందనుకుంటే మునిగే అవకాశం 55 శాతం. సగానికి పైన! కిందికి దిగి 1-2 ఆడితే? అదే డబ్బు 30 బై-ఇన్లు అవుతుంది, ప్రమాదం 2.5 శాతానికి తగ్గుతుంది. టేబుల్ దిగడమంటే మనవాళ్లకు తలవంపు. పదిమంది మధ్య ‘ఏమిటండీ, 1-2కి వచ్చారు’ అనే ఒక్క మాటకు భయపడి మిగతా సగం కూడా వదులుకున్నవాళ్లను చూశాను.

ఇప్పుడు అసలైన లెక్క. ఆ 6,000 టేబుల్ మీదే రాబట్టాలంటే ఎంతకాలం? 1-3లో మంచి ఆటగాడి లాభం వంద హ్యాండ్లకు 15 డాలర్లు. అంటే 40,000 హ్యాండ్లు కావాలి. గంటకు 28 చొప్పున 1,400 గంటలు దాటుతుంది. వారానికి ఆరు గంటలు ఆడేవాడికి నాలుగున్నరేళ్లు, అదీ సగటు అదృష్టంతో. అదే జీతంలోంచి నెలకు 500 పక్కన పెడితే ఏడాదిలో 6,000 వచ్చేస్తుంది. పోయిన డబ్బును వెతకడానికి అన్నిటికంటే నెమ్మదైన చోటు అది పోయిన టేబులే.

జూదమనగానే అందరికీ ధర్మరాజు గుర్తొస్తాడు. నాకు మాత్రం అరణ్యవాసంలో బృహదశ్వుడనే ముని ఆయనకు చెప్పిన నలుడి కథ ఎక్కువ పనికొస్తుంది. సోదరుడు పుష్కరుడి చేతిలో పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు ఆ వారమే వెళ్లి మళ్లీ పాచికలు పట్టలేదు. బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి కొలువులో చేరి గుర్రాలు తోలాడు, జీతానికి. ఒకరోజు దారిలో తాని చెట్టును చూసి దాని ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని అని రాజు చెబితే నలుడు నమ్మలేదు. రథం ఆపి, దిగి, చెట్టు కొట్టి లెక్కపెట్టాడు. సరిపోయాకే పాచికలకూ పనికొచ్చే ఆ లెక్కల విద్య తనకు నేర్పమన్నాడు, బదులుగా అశ్వహృదయం, అంటే గుర్రాల విద్య, ఇచ్చాడు. ఆ తరువాతే పుష్కరుడి దగ్గరికి వెళ్లాడు. ముందు సంపాదన, తరువాత చదువు, ఆ పైన ఆట. చివర్లో అంతా ఒకే పందెంలో ఒడ్డాడు. ఆ ఒక్క పని మీరు చేయకండి!

నలుడి క్రమాన్ని డాలస్‌కు తెస్తే ఇలా ఉంటుంది. ఒక నెల ఆట బంద్. ఆ నెలలో మొత్తం ఎంత పోయిందో కాగితం మీద రాయండి, గుర్తున్నంత కాదు, ఏటీఎం చీటీలు చూసి. ఆ కాగితం ఇంట్లోవాళ్లకు చూపించండి. ఇదే అన్నిటికంటే కష్టం. చాలామంది ఇక్కడే తిరిగి టేబుల్‌కు పారిపోతారు, చూపించకముందే రాబట్టేద్దామని. వడ్డీ అప్పు ఉంటే అది తీరేదాకా ఆట లేదు. క్రెడిట్ కార్డు వడ్డీని ఓడించే ఆటగాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక మెట్టు కిందికి దిగండి. తేదీ, గంటలు, బ్లైండ్లు, తెచ్చిందీ తీసుకెళ్లిందీ ప్రతిసారీ రాయండి. మూడు బై-ఇన్లు పోయిన రాత్రి ఎంత బాగా ఆడుతున్నామనిపించినా లేవండి. ఆ సమయంలో మన తీర్పును మనం నమ్మకూడదు.

ఎదుటివాడు ఎంత చదువుకుని వచ్చాడో కూడా చూసుకోవాలి. 2009 డిసెంబరులో ‘ఇసిల్దుర్1’ పేరుతో ఆడే విక్టర్ బ్లోమ్ ఒకే కూర్చోవడంలో, ఐదు గంటల్లో, బ్రయాన్ హేస్టింగ్స్ చేతిలో దాదాపు 42 లక్షల డాలర్లు పోగొట్టుకున్నాడు. హేస్టింగ్స్, అతని మిత్రులు ఇద్దరు బ్లోమ్ ఆడిన పాత హ్యాండ్లను పోగేసి కలిసి చదివారని తరువాత బయటపడింది. అది న్యాయమా కాదా అని పెద్ద గొడవే అయింది. నష్టాల్లో ఉన్నప్పుడు కోపంతో కూర్చునేవాడి ఎదురుగా హోంవర్కు చేసినవాడు చల్లగా కూర్చుని ఉంటాడు.

ఆట ఎంత వచ్చినా చాలదనడానికి స్టూ ఉంగర్‌ను మించిన సాక్ష్యం లేదు. 1980, 1981, 1997లలో మూడుసార్లు ప్రపంచ విజేత. మూడోసారి పదివేల ప్రవేశ రుసుము బిల్లీ బాక్స్టర్ కట్టాడు, గెలిచిన పది లక్షల్లో సగం తీసుకున్నాడు. ఉంగర్ మిగతా సగాన్ని మత్తుమందులకూ ఇతర పందేలకూ ధారపోశాడు. మరుసటి ఏడాది పోటీకి రాలేదు. 1998 నవంబరులో లాస్ వేగాస్‌లోని ఒక చవక మోటెల్ గదిలో, 45 ఏళ్లకే చనిపోయాడు. జేబులో ఉన్నది 800 డాలర్లు. అంత్యక్రియలకు చందాలు వేసుకున్నారు.

పన్ను గురించి క్లుప్తంగా. 2025 జూలైలో సంతకమైన చట్టం ప్రకారం 2026 పన్ను సంవత్సరం నుంచి జూదపు నష్టంలో 90 శాతమే మినహాయింపుగా చూపవచ్చు. లక్ష గెలిచి లక్ష పోగొట్టుకున్నా పదివేల మీద పన్ను. ఖర్చులు విడివిడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ అనే స్థిర మినహాయింపు తీసుకునే జీతగాళ్లకు ఆ 90 కూడా దక్కదు, నష్టం అసలు చూపలేరు.

ఇండియాలో ఉన్న మన తమ్ముళ్లకు ఈ లెక్కలు చెప్పి పంపకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అక్కడ యాప్‌లలో పోగొట్టుకున్నవారికి కావలసింది బ్యాంక్‌రోల్ కాదు, అప్పులవాళ్లతో మాట్లాడటానికి తోడు, మనసు విప్పడానికి మనిషి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఇక్కడ జూదం మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గ్యాంబ్లర్స్ అనానిమస్ సమావేశాలు ఉన్నాయి, 1957 నుంచి నడుస్తున్న సంస్థ. నష్టాల పుస్తకం రాయలేకపోతున్నవాళ్లు, రాసినా దాచేవాళ్లు నా సూత్రాలు పక్కన పెట్టి ముందు అక్కడికి వెళ్లాలి.

ఇక ప్రశ్నలు అడగండి. పన్ను ప్రశ్నలు మాత్రం మీ అకౌంటెంటును అడగండి, అవి నా వల్ల కావు.