జవాబు దావా ఆలస్యమైతే

శ్రోతలకు నమస్కారం.

కోర్టు అమీనా ఇంటికొచ్చి సమన్లు ఇస్తాడు. సంతకం పెట్టి తీసుకుంటాం. దాని మీద కోర్టుకు రావలసిన తేదీ ఉంటుంది. ఇంకా నెలన్నర ఉంది కదా అని ఆ కాగితాలు బీరువాలో పెట్టేస్తాం. చిక్కంతా ఇక్కడే. జవాబు దావాకు, అంటే మన మీద పడిన దావాకు మనం రాతలో ఇచ్చే రిటన్ స్టేట్‌మెంట్‌కు, గడువు లెక్కపెట్టేది ఆ వాయిదా తేదీ నుంచి కాదు, సమన్లు చేతికి అందిన రోజు నుంచి. 30 రోజుల్లో వేయాలి. తగిన కారణం చూపిస్తే జడ్జిగారు ఆ కారణాన్ని రాతలో పెట్టి, మొత్తం 90 రోజులు దాటకుండా గడువు ఇవ్వవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డర్, మొదటి రూల్ ఇది. ఇప్పుడున్న రూపంలో 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు జవాబు వేయడానికే వాయిదా మీద వాయిదా అడగడం మా ప్లీడర్లకు అలవాటు, దాచడమెందుకు.

మరి 91వ రోజున వస్తే? రూలు చదివితే తలుపు మూసేసినట్టే ఉంటుంది. కానీ 2005లో కైలాష్ కేసులోనూ, సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులోనూ సుప్రీంకోర్టు ఆ తలుపుకు గొళ్లెం పెట్టలేదు. మామూలు సివిల్ దావాల్లో 90 రోజులు దాటినా జవాబు తీసుకునే విచక్షణ కోర్టుకు ఉందని చెప్పింది. అయితే అడిగిన ప్రతివాడికీ ఇచ్చేయమనలేదు. తప్పనిసరి పరిస్థితి ఉంటేనే, అదీ ఎప్పుడో ఒకసారి.

ఆ విచక్షణ ఎలా పనిచేస్తుందో చూడండి. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్, దానికి తోడు అఫిడవిట్ వేస్తారు. అందులో నూటికి తొంభై మంది రాయించేది ఒకటే: "ఒంట్లో బాగోలేదు, అందువల్ల సకాలంలో రాలేకపోయాను." ఒకసారి ఒక జడ్జిగారు ఆస్పత్రి డిశ్చార్జి కాగితం తిప్పి చూసి, "ఇందులో పన్నెండు రోజులే ఉన్నాయి, మిగతా రోజులు ఏం చేశారు?" అన్నారు. మా క్లయింటు నా వంక చూశాడు, నేను ఫైలు వంక చూశాను. ఆలస్యం పెరిగేకొద్దీ చెప్పుకోవలసిన బరువు కూడా పెరుగుతుంది. ఒప్పుకున్నా చాలాసార్లు ఖర్చులు కట్టమంటారు. ఎదుటివాడు అన్నాళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు మరి, అది న్యాయమే అంటాను.

జవాబు తీసుకోకపోతే వెంటనే ఓడిపోయినట్టా? కాదు. ప్రతివాది మౌనంగా ఉన్నాడని కళ్లు మూసుకుని డిక్రీ ఇవ్వకూడదు, వాది చెప్పింది నిలబడుతుందో లేదో కోర్టు చూసుకోవాలి. వాది సాక్షిని క్రాస్ చేసి, అంటే ఎదురు ప్రశ్నలు వేసి, అతని మాటల్లో లొసుగులు బయటపెట్టే వీలు కూడా ప్రతివాదికి ఉంటుంది. పోయేది సొంత కథ. ప్రోనోటు దావా అనుకోండి. సగం బాకీ ఎప్పుడో తీర్చేశారు, రసీదులు ఇనప్పెట్టెలో భద్రంగా ఉన్నాయి. జవాబులో ఆ మాట రాస్తే కదా రసీదులకు విలువ! జవాబే లేనప్పుడు అవి ఆ పెట్టెలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇప్పటిదాకా చెప్పింది మామూలు దావాల సంగతి. 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చింది. వ్యాపార లావాదేవీల తగాదా, విలువ 3 లక్షల రూపాయలకు తక్కువ కాకపోతే దాని కిందికి వస్తుంది. అక్కడ ఆఖరి గడువు 120 రోజులు. అది దాటితే జవాబు వేసే హక్కే పోతుంది, జడ్జిగారికి జాలి కలిగినా చేయగలిగింది లేదు. 2019లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది.

ఆ చట్టం కింద దావా పడిన ఒక వ్యాపారి నా దగ్గరకు వచ్చాడు. సరుకు పాడైందని ఫొటోలు, ఉత్తరాలు, అన్నీ వరసగా పెట్టుకొచ్చాడు. గోడ క్యాలెండర్లో రోజులు కూడా గీతలు గీసి లెక్కపెట్టుకున్నాడట, కాకపోతే వాయిదా తేదీ నుంచి. అతని లెక్కలో ఇంకా నెల ఉంది. సమన్లు అందుకున్న తేదీ చూశాను. ఆ రోజుకు 121.

"ఒక్క రోజే కదండీ" అన్నాడు.