కార్తీకంలో కడలి పిట్టలు: మైపాడు ఒడ్డున ఎప్పుడు, ఎలా చూడాలి?

(తెర మీద: నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్, మధ్యాహ్నం మూడు గంటలు. ముసురు విడుస్తున్న ఆకాశం.)

నమస్తే అండీ. కార్తీక పౌర్ణమి స్నానాలకు వచ్చినవాళ్ల చూపంతా ఒడ్డున విరిగే అలల మీదే ఉంటుంది. ఈసారి ఇంకా దూరంగా, నీళ్లూ ఆకాశమూ కలిసేచోట చూడండి. నడిసముద్రంలో బతికే పిట్టలు ఒడ్డు దాపుకొచ్చే రోజులివి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి సముద్రం మీంచి నేల వైపు తోస్తుంది. వాయుగుండం పడితే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను నెల్లూరు, ప్రకాశం ఒడ్డు పక్కనుంచే పోయింది. అలాంటి గాలికే దూరపు పిట్టలు కొట్టుకొస్తాయి. తుఫాను ఉండగా మాత్రం వెళ్లొద్దు. రేవులో ప్రమాద హెచ్చరిక దించాకే బయల్దేరండి.

మనది తూర్పు తీరం. పొద్దున ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, ఏ పిట్టైనా నల్లటి నీడలా ఉంటుంది. మూడింటికి పొద్దు వీపు వెనక్కి వస్తుంది, అప్పుడు రంగులు తేలతాయి. తడి ఇసుకలో నిలబడకుండా సరుగుడు తోపు పక్కన దిబ్బ ఎక్కండి. కన్ను 2 మీటర్ల ఎత్తులో ఉంటే దిగంతం 5 కిలోమీటర్లే. 6 మీటర్లకు చేరితే సుమారు 9. అల చాటున పోయే పిట్ట కూడా కనబడుతుంది.

(తెర మీద: రేవులో వాలిన సీగల్స్ గుంపు.)

ముందు రోజూ ఉండేవాటిని నేర్చుకోండి. చలికాలంలో చెవి దగ్గర నల్ల చుక్క, రెక్క కొసన నలుపులో తెల్ల మచ్చలు ఉంటే బ్రౌన్ హెడెడ్ గల్. లద్దాఖ్, టిబెట్ సరస్సుల్లో గూడు కట్టి ఇక్కడికొస్తుంది. దీన్ని గుర్తుపట్టాక కొత్తది దానంతటదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెక్క ఆడించకుండా, బిగబట్టి, అలల మీద వాలుగా జారిపోయేది షియర్‌వాటర్. టెర్న్ అంటే సీగల్ కన్నా సన్నటి కడలి పిట్ట; అది నోట్లోని చేప వదిలేదాకా దాన్ని తరిమేది స్కువా.

(తెర మీద: టెర్న్ తల, దగ్గరగా.)

నాకు ప్రాణం సూటీ టెర్న్ అంటే. వీపు నలుపు, పొట్ట తెలుపు, నుదుటి మీద తెల్లపట్టీ కన్ను దగ్గరే ఆగిపోతుంది. ఆ పట్టీ కన్ను దాటి వెనక్కి సాగితే బ్రిడిల్డ్ టెర్న్. సూటీ ఈకలు నీటికి తొందరగా తడిసిపోతాయి, అందుకే నీళ్ల మీద వాలి సేద తీరదు, గాలిలోనే ఏళ్లు గడుపుతుంది. గాలి ఓడిస్తే నేల మీద పడుతుంది.

ఒకసారి తుఫాను మర్నాడు ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలో వలల కుప్ప పక్కన ఒక సూటీ టెర్న్ దొరికింది. రెక్కలు చాపుకుని, కళ్లు సగం మూసుకుని ఉంది. పిల్లలు తిరిగి నీళ్లలో వదులుదామన్నారు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, "వొద్దు నాయనా, ఇది మన రేవు పిట్ట గాదు. నీళ్లలో ఏస్తే చస్తది" అన్నాడు. సరిగ్గా చెప్పాడు. మీకు దొరికినా అంతే: చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకట్లో, చప్పుడు లేనిచోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయొద్దు, మేత కుక్కొద్దు. వెంటనే అటవీశాఖ వాళ్లకి చెప్పండి. మేమూ అలాగే చేశాం. వాళ్లొచ్చేసరికి పెట్టెలోంచి గీరుతున్న చప్పుడు వినిపించింది.