జీతం లేకుండా బొగ్గేస్తరా? | కీత్లీ పొగబండి దగ్గర మా బాపు

నమస్తే అండీ. వీడియో కాస్త ఊగుతుంది, ఏమనుకోకండి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మావాడి చెయ్యి. ముందు మంకీ క్యాప్ పెట్టుకుని చకచకా నడుస్తున్నది మా బాపు. జూన్‌లో మంకీ క్యాప్ ఏంటని అడగకండి, ఇది ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్. పొద్దున 11 డిగ్రీలుంది.

బాపు వచ్చి మూడు వారాలైంది. షాపింగ్ మాల్‌కి తీసుకెళ్తే బెంచీ చూసుకుని కూర్చున్నాడు. యార్క్‌లో పెద్ద చర్చి చూపిస్తే "మంచిగుంది" అని ఊరుకున్నాడు. లేక్ డిస్ట్రిక్ట్ పోతే కారులోనే నిద్ర. ఆయన బెల్లంపల్లిలో 31 ఏళ్లు సింగరేణి బాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేసిన మనిషి. కోల్ ఫిల్లర్‌గా చేరాడు. అంటే తట్టా చెమ్మాస్ పని. పేల్చిన బొగ్గును చెమ్మాస్‌తో, అంటే పారతో, తట్టకెత్తి, మోసుకెళ్లి పట్టాల మీది టబ్బులో పొయ్యాలి. మా చదువులన్నీ ఆ టబ్బుల లెక్కలోంచి వచ్చినవే. అలాంటి మనిషికి నచ్చే చోటు ఈ దేశంలో ఎక్కడుంటుందా అని ఆలోచించి, చివరికి బొగ్గు రైలు దగ్గరికి తీసుకొచ్చాను.

ఊరి పేరు కీత్లీ. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి నేను రెండేళ్లు "కైలీ, కైలీ" అని తిరిగాను, ఎవరూ దిద్దలేదు. లీడ్స్ నుంచి మామూలు కరెంటు రైల్లో అరగంట. స్టేషన్లో నాలుగు ప్లాట్‌ఫారాలు. ఒకటి, రెండు రోజూ ఆఫీసులకు తిరిగేవాళ్లవి. మూడు, నాలుగు మాత్రం పాత ఆవిరి బండ్లు నడిపే కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వేవి. అటు దిగుతూ ఉండగానే బాపు ఆగిపోయాడు. ఇంజను ఇంకా కనిపించలేదు.

"బొగ్గు వాసన" అన్నాడు.

ఇదిగో, ఆయన మొహం చూడండి. మూడు వారాల్లో ఇంత నవ్వు నేను చూడలేదు.

నల్లటి చిన్న ఇంజను. ట్యాంకు ఇంజను అంటారు, నీళ్లూ బొగ్గూ వేరే పెట్టెలో కాకుండా దాని ఒంటి మీదే ఉంటాయి. పక్కన నిలబడితే వేడి మొహానికి తగులుతుంది. లోపల బొగ్గు వేస్తున్న అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. తలుపు తీస్తుంది, రెండు మూడు పారలు విసురుతుంది, మూసేస్తుంది. కాసేపటికి మళ్లీ. ఒక్కసారే గుప్పితే నల్ల పొగ వస్తుందట, నల్ల పొగ అంటే కాలకుండా పోయిన బొగ్గు, అంటే డబ్బు. కొంచెం కొంచెం, మాటిమాటికీ వెయ్యడమే ఫైర్‌మన్ పనితనమట.

బాపు చాలాసేపు చూసి, "చెమ్మాస్ చిన్నగున్నది. గని ఆ పిల్ల నడుంతోని లేపుతున్నది, గట్ల లేపద్దు. మోకాలు వంచాలె" అన్నాడు. ఇది ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తెలియక, "మా నాన్న బొగ్గు గనిలో పనిచేశారు" అని మాత్రం అన్నాను. అంతే, ఆ అమ్మాయి పార పక్కన పెట్టి కిందికి దిగింది! డ్రైవర్ కూడా టోపీ సర్దుకుంటూ దిగాడు. ఆయన పళ్ల డాక్టరుగా చేసి రిటైరయ్యాడట. ఇద్దరూ బాపుకి చెయ్యిచ్చారు. అమ్మాయి గుప్పెడంత బొగ్గు ముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. బాపు దాన్ని గోటితో గీకాడు, చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. ఏం వినిపించిందో నాకు తెలీదు.

తర్వాత నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు: "బిడ్డా, ఈ పిల్లకు జీతం ఎంత?"

"జీతం లేదు బాపూ."

"డాక్టరుకు?"

"ఆయనకీ లేదు. ఇక్కడ దాదాపు అందరూ ఊరికే చేస్తారు."

"జీతం లేకుండ బొగ్గేస్తరా?" అన్నాడు. ఆ ప్రశ్న అక్కడితో అయిపోలేదు, సాయంత్రం దాకా నడిచింది. టికెట్లు చింపే ఆవిడను చూసి అడిగాడు, గార్డును చూసి అడిగాడు. సిగ్నల్ లాగేవాళ్లు, పట్టాలు సరిచేసే గ్యాంగు, పెట్టెలకు రంగులేసేవాళ్లు, పూలకుండీలకు నీళ్లు పోసే ముసలాయన, అందరూ ఊరికేనేనా అని. జీతం తీసుకునేవాళ్లు బహు కొద్దిమంది. ఇంజను ఎక్కాలంటే ముందు తుడిచే పనితో మొదలుపెట్టాలి, తర్వాత ఫైర్‌మన్, ఆ తర్వాత డ్రైవర్. ఏళ్లు పడుతుంది. పొద్దున బండి కదలాలంటే ఇంకా చీకటుండగానే వచ్చి నిప్పు పెట్టాలి, చల్లారిన బాయిలర్‌లో ఆవిరి రావడానికి గంటలు పడుతుంది. "ఫస్ట్ షిఫ్టు" అన్నాడు బాపు.

బండి కదిలింది. మొత్తం దారి 5 మైళ్లు, ఆరు స్టేషన్లు, అంతా ఎత్తే. మా పెట్టెలో కూర్చున్న గార్డుకి కథలు చెప్పడం ఇష్టం, మావాడికి వినడం ఇష్టం, మధ్యలో అనువాదం నాకు. 1861లో ఒక ఇంజనీరు, రచయిత్రి షార్లట్ బ్రాంటీ ఊరు చూద్దామని హావర్త్ బయల్దేరాడట. చూస్తే ఆ ఊరికి రైలే లేదు. అలా మొదలైంది ఆలోచన. పనులు జరుగుతుండగా ఓక్‌వర్త్ దగ్గర కొన్ని ప్లాన్ కాగితాలు ఒక ఆవు నమిలేసిందని చెబుతారు. మావాడు ఇంగ్రో సొరంగం దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. 1867లో లైన్ తెరిచిన రోజునే బండి ఈ ఎత్తు ఎక్కలేక మొరాయించిందట కూడా.

1961 చివర్లో ప్రభుత్వ రైల్వే ఇక్కడ ప్రయాణికుల బండ్లు ఆపేసింది. తర్వాతి ఏడాది ఊళ్లోవాళ్లు సభ పెట్టుకుని సంఘం కట్టారు. ముందు నిలబడిన మనిషి బాబ్ క్రయర్. లైన్ చేతికొచ్చి, పట్టాలూ పెట్టెలూ బాగుచేసుకుని, 1968 జూన్ 29న మళ్లీ బండి నడిపారు. తమాషా ఏంటంటే, అదే ఏడాది ఆగస్టులో బ్రిటిష్ రైల్వే తన పెద్ద లైన్ల మీద ఆవిరి ఇంజన్లను పూర్తిగా మానేసింది. దేశమంతా వదిలేస్తున్న వారాల్లో వీళ్లు మొదలుపెట్టారు.

క్రయర్ తర్వాత లేబర్ పార్టీ నుంచి ఇక్కడే ఎంపీ అయ్యాడని చెప్తే బాపు తొడ చరిచాడు. "గది చెప్పు! యూనియన్ పెట్టిండ్రు. మన దగ్గర బాయి యూనియన్ల నుంచి ఎమ్మెల్యేలు కాలేదా?" సంఘం వేరు, యూనియన్ వేరు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన అన్నదాంట్లో తప్పేముందో నాకే తోచలేదు.

డామెమ్స్ స్టేషన్ రెప్పపాటులో పోయింది. ప్లాట్‌ఫారం ఒక్క పెట్టె పొడవే. ఓక్‌వర్త్ మాత్రం మీరు చూడాల్సిందే, ఇప్పటికీ గ్యాస్ దీపాలు, పాత రేకు ప్రకటనలు. 1970లో ఒక పిల్లల సినిమా ఇక్కడ తీశారు, దాంతో ఈ లైన్ పేరు దేశమంతా తెలిసింది. కిటికీలోంచి తల బయట పెట్టొద్దని మావాడికి చెప్తూ నేనే పెట్టాను, కంట్లో నలుసు పడింది. బాపు తన తువ్వాల కొనకు ఊది ఊది తీశాడు. చిన్నప్పుడు కాజీపేట బండిలో ఇలాగే తీసేవాడు.

హావర్త్‌లో దిగాం. అందరూ రాళ్లు పరిచిన నిటారు వీధెక్కి బ్రాంటీల ఇల్లు చూడ్డానికి పోతారు. మేం నడక వంతెన మీదే అరగంట నిలబడ్డాం. ఎందుకంటే కింద ఇంజన్ల షెడ్డు, పక్కన బొగ్గు కుప్ప.

"ఇది ఏ బాయిది?" అన్నాడు బాపు.

బయటి దేశాల నుంచి వస్తుందని చెప్పాను. నమ్మలేదు. నిజమేనండీ. ఈ దేశంలో ఆఖరి పెద్ద భూగర్భ గని కెల్లింగ్లీ, మా లీడ్స్‌కి దగ్గర్లోనే ఉండేది, 2015 డిసెంబరులో మూసేశారు. వేల్స్‌లోని ఫాస్-ఇ-ఫ్రాన్ ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వే గని, 2023 నవంబరులో ఆగింది. ఇలాంటి ఇంజన్లకు పొగ తక్కువుండే వేల్స్ బొగ్గు ప్రాణం లాంటిది, అదీ పోయింది. 2024 సెప్టెంబరు 30న ఆఖరి బొగ్గు కరెంటు ప్లాంటూ మూతపడింది. మంచిదే, గాలి బాగుపడుతుంది, నేనేం బాధపడను. కానీ ఈ పాత బండ్లకు తిండి ఓడల్లో రావాలి, ధర పెరుగుతుంది. కొన్ని లైన్లలో బొగ్గుపొడికి వేరే పదార్థాలు కలిపి చేసిన ఉండలు కాల్చి చూస్తున్నారు.

ఉండలనగానే బాపు, "మీ అమ్మ చెయ్యలేదా? బొగ్గు సన్నం, మన్ను, పేడ కలిపి ఎండబెట్టేది" అన్నాడు. క్వార్టర్ ముందు బొగ్గు పొయ్యి, దాని మీద కాగే నీళ్లు నాకు బాగా గుర్తు. తర్వాత ఆయనే మళ్లీ, "1871ల యెల్లందు కాడ బొగ్గు కనిపెట్టింది కింగ్ దొర. తెల్లోళ్ల కంపెనీయే తవ్వుడు మొదలువెట్టింది. ఆ దొరల దేశంల బొగ్గు లేదంటవా?" అన్నాడు. బెల్లంపల్లి చుట్టూ కూడా చాలా బాయిలు మూతబడ్డాయి. ఆ మాట ఆయన అనలేదు, నేనూ ఎత్తలేదు. ఈ క్లిప్‌లో మాటలు సరిగ్గా వినపడవు, గాలి ఎక్కువగా ఉంది. అలాగే ఉంచేశాను.

ఆక్సెన్‌హోప్ ఆఖరి స్టేషన్. ఇంజను ఊడి, పక్క పట్టా మీంచి అటు చివరకు వచ్చి తగులుకుంటుంది. కొక్కెం తగిలించేటప్పుడు జనం చప్పట్లు కొట్టారు, మావాడు అందరికంటే గట్టిగా. టీ తాగి, స్కోన్ అనే చిన్న బన్ను లాంటిది తిన్నాం. బాపు స్కోన్‌ను టీలో ముంచితే అది కప్పులోనే కూలిపోయింది.

రావాలనుకునేవాళ్లకి ఒక మాట. బాయిలర్లను పదేళ్లకోసారి మొత్తం విప్పి బాగుచెయ్యాలి, దానికి బోలెడంత ఖర్చు. అందుకే ఏడాది పొడవునా ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు. ఒకేసారి చాలా ఇంజన్లు నడిపే ప్రత్యేక రోజులు, అక్టోబరులో బీరు, సంగీతం పండుగ, డిసెంబరులో పిల్లల కోసం శాంటా రైళ్లు. శాంటా టికెట్లు ముందే అయిపోతాయి, జాగ్రత్త. ఎండలు బాగా మండినప్పుడు మాత్రం రమ్మని చెప్పను. నిప్పురవ్వలకు గడ్డి అంటుకుంటుందని చాలాచోట్ల ఆవిరి ఇంజను ఆపి డీజిల్ పెడతారు. పోయిన ఆగస్టులో వేరే లైన్‌కి వెళ్తే మాకదే జరిగింది, మావాడు దారంతా ఏడ్చాడు.

తిరిగొచ్చాక కీత్లీలో ఆ ఫైర్‌మన్ అమ్మాయి మళ్లీ కనిపించింది. బాపు ఈసారి నన్ను పిలవలేదు. తనే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఉత్త చేతులతో పార పట్టినట్టు పట్టి, మోకాళ్లు వంచి, లేచి చూపించాడు. ఒకసారి, రెండుసార్లు. ఆ అమ్మాయి కూడా వంగి లేచింది. బాపు తలూపాడు.

రాత్రి ఇంటికొచ్చాక ఆయన స్వెటర్ వాషింగ్ మెషీన్‌లో వేసేముందు జేబులు చూశాను. బొగ్గు ముక్క లేదు. కిటికీ దగ్గర, కళ్లద్దాల పక్కన పెట్టుకున్నాడు. బెల్లంపల్లిలో పాత దోస్తుకి వాట్సాప్ కాల్ చేసి గట్టిగా మాట్లాడుతున్నాడు. ఇదొక్కటీ ఆయనకు తెలియకుండా రికార్డ్ చేశాను, తర్వాత అడిగే పెడుతున్నాను లెండి.

"అరే, ఈడ డాక్టర్లు బొగ్గేస్తుండ్రు రా... ఆఁ, డాక్టర్లే... జీతమా? పైస లేదు... నిజంగనే రా... ఎందుకంటే..."

అక్కడ ఆగాడు. చాలాసేపు ఆగాడు. అవతల "హలో, హలో" అంటున్నారు.

"రేపు జేస్త తియ్" అని పెట్టేశాడు.