లండన్‌లో ఒక శనివారం, ఇద్దరే, హడావుడి లేకుండా

నమస్కారం అండి, అందరూ ఎలా ఉన్నారు? ఈ వారం ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్‌తో మొదలుపెడతాను. పెళ్లయి ఎనిమిది నెలలైందట, అతనికి లండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమ్మాయి డిపెండెంట్ వీసా మీద వచ్చి మూడు నెలలైంది, లండన్ తూర్పు వైపు ఈస్ట్ హామ్‌లో ఉంటున్నారు. "అక్కా, ఈ శనివారం తనని మంచి డేట్‌కి తీసుకెళ్లాలి, ప్లాన్ ఎలా ఉందో చూసి చెప్పండి" అని లిస్టు పెట్టాడు. పొద్దున టవర్ బ్రిడ్జి, తర్వాత లండన్ ఐ, బిగ్ బెన్, బకింగ్‌హామ్ ప్యాలెస్, మధ్యాహ్నం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, సాయంత్రం క్యామ్డెన్ మార్కెట్, రాత్రి మళ్లీ ఈస్ట్ హామ్ వచ్చి బిర్యానీ.

తమ్ముడూ, ఇది చదవగానే మా మొదటి ఏడాది కళ్ల ముందుకొచ్చింది. మా ఆయన కూడా అచ్చం ఇలాంటి ప్లానే వేశాడు, ఎంతో ప్రేమతో వేశాడు, అందులో నాకే అనుమానమూ లేదు. కానీ ఆ రోజంతా మేము ఎస్కలేటర్ల మీదే ఉన్నాం. ఒకచోట ఫొటో, వెంటనే ఇంకో ట్రైను, ఇంకోచోట లైను, సాయంత్రం ఐదింటికి ఒక స్టేషన్ మెట్ల మీద నేను కూర్చుండిపోయి ఇంటికెళ్దాం అని ఏడ్చాను. నాకు నచ్చలేదనుకుని ఆయన బాధపడ్డాడు. నచ్చకపోవడం కాదు, వారమంతా ఒక్కదాన్నే ఇంట్లో ఉండి, మాట్లాడే మనిషి లేక, శనివారం కోసం ఎదురుచూస్తే ఆ శనివారం కూడా ఆయన నాతో మాట్లాడకుండా ఫోన్లో మ్యాపే చూస్తున్నాడు.

అందుకని నేను చెప్పేది ఒకటే. ఒక్క ఏరియా పెట్టుకోండి, అక్కడ ఒక్క పని పెట్టుకోండి, మిగతా రోజంతా మరదలి చేతిలో పెట్టు. టవర్ బ్రిడ్జి ఎక్కడికీ పోదు, అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎలాగూ పదిసార్లు చూస్తారు.

ఏరియా అంటే నా ఓటు రిచ్‌మండ్‌కి. లండన్‌కి పడమటి వైపు, టికెట్ రేట్ల కోసం ఊరిని చేసిన జోన్లలో జోన్ 4లో ఉంటుంది. మీ ఈస్ట్ హామ్ నుంచి ట్యూబ్‌లో, అంటే లండన్ మెట్రోలో, డిస్ట్రిక్ట్ లైన్ మీద రిచ్‌మండ్ అని రాసున్న ట్రైను ఎక్కితే చాలు, మారక్కర్లేదు, ఆ లైను అక్కడితో అయిపోతుంది కాబట్టి ఎక్కడ దిగాలన్న టెన్షన్ కూడా లేదు. గంట పైన పడుతుంది, ఆ గంటా పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోండి, అది కూడా డేట్‌లో భాగమే. త్వరగా వెళ్లాలంటే వాటర్‌లూ స్టేషన్ నుంచి ఫాస్ట్ ట్రైన్లున్నాయి, అక్కణ్నుంచి ఇరవై నిమిషాలే. శని, ఆదివారాలు ట్యూబ్‌లో రోజంతా ఆఫ్ పీక్ రేటే, అంటే రద్దీ లేని టైములో ఉండే తక్కువ రేటే ఉంటుంది. స్టేషన్ గేటు దగ్గర ఇద్దరూ ఒకే కార్డు ట్యాప్ చేస్తే కుదరదు, ఎవరి కార్డు వాళ్లకుండాలి, తనకింకా బ్యాంకు కార్డు లేకపోతే ట్రైన్లకీ బస్సులకీ వాడే ఆయిస్టర్ కార్డు కొనివ్వు. తన కార్డు తనే తీసి ట్యాప్ చేసి గేటు దాటడం, కొత్తగా వచ్చిన వాళ్లకి అది ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు. ఇంకోటి, వీకెండ్లలోనే పట్టాల రిపేర్లు పెట్టుకుంటారు, కాబట్టి శుక్రవారం రాత్రి పడుకునే ముందు ఆ లైను నడుస్తోందో లేదో ఒకసారి చూసుకో.

పదకొండు గంటలకు చేరితే చాలు. స్టేషన్ దగ్గర కాఫీ తీసుకుని నది వైపు నడవండి. అక్కడున్న రిచ్‌మండ్ బ్రిడ్జి 1777లో పూర్తయింది, లండన్‌లో థేమ్స్ మీద ఇప్పటికీ వాడుకలో ఉన్న వంతెనల్లో అన్నిటికన్నా పాతది అదే. వంతెన దాటకుండా ఎడమకు తిరిగి, గట్టు పట్టుకుని పక్కనే ఉన్న పీటర్‌షామ్ అనే చోటి వైపు వెళ్తుంటే ఒక పావుగంటలో పచ్చిక మైదానం వస్తుంది, ఎండాకాలమైతే అందులో ఆవులు మేస్తుంటాయి. నిజంగా ఆవులండి, లండన్‌లో! మా ఊరు తెనాలి పక్కన, కాలవ గట్టు మీద తిరిగి పెరిగినదాన్ని, మొదటిసారి ఆ ఆవుల్ని చూసి అక్కడే నిలబడిపోయాను, మా ఆయన కూడా తొందరపెట్టలేదు.

గట్టు గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. సముద్రపు ఆటుపోట్లు థేమ్స్‌లో ఇంకా పైకి, టెడింగ్టన్ దాకా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువైతే రిచ్‌మండ్ దగ్గర నీళ్లు గట్టు మీది దారిలోకి వచ్చేస్తాయి. మేము ఒకసారి బెంచీ మీద కూర్చుని మాటల్లో పడ్డాం, లేచి చూస్తే దారి కనపడలేదు, బూట్లు చేత్తో పట్టుకుని నడవాల్సొచ్చింది. అందుకే వెళ్లే ముందు పోటు టైము చూసుకోండి.

పీటర్‌షామ్ దగ్గర రిచ్‌మండ్ పార్కులోకి గేటుంది. నడక వద్దనుకుంటే రిచ్‌మండ్ నుంచి 65 గానీ 371 గానీ బస్సెక్కి అక్కడ దిగొచ్చు. పార్కు 2500 ఎకరాలు, టికెట్ లేదు. మొదటి చార్లెస్ రాజు 1637లో వేట కోసం చుట్టూ గోడ కట్టించి జింకల్ని వదిలాడు, ఆ జింకల సంతతి ఇప్పటికీ ఉంది, ఆరువందల పైనే. దగ్గరికెళ్లి ఫొటోలు వద్దు, కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలి, తిండి పెట్టకూడదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మగ జింకలు పోట్లాడుకుంటాయి, మే నుంచి జులై దాకా తల్లి జింకల దగ్గర పిల్లలుంటాయి, ఆ నెలల్లో ఇంకా దూరంగా ఉండాలి.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. ఆ గోడ కట్టి వందేళ్లు దాటాక, పార్కు చూసుకునే రాజకుమారి అమీలియా మామూలు జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేసింది. రిచ్‌మండ్‌లో బీరు తయారుచేసే జాన్ లూయిస్ అనే ఆయన, అదే పేరుతో ఇక్కడున్న పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఆయన కాదు, ఊరివాళ్ల దారి ఊరివాళ్లకివ్వాలని కోర్టుకెళ్లి 1758లో గెలిచాడు. గోడ దాటడానికి గేటు పెట్టమంటావా, నిచ్చెన పెట్టమంటావా అని జడ్జి అడిగితే నిచ్చెనే పెట్టమన్నాడట. గేటుకైతే గడియ పెడతారు, కొత్తవాళ్లు ఆ మూసిన గేటు చూసి, మనం లోపలికి రాకూడదేమో అనుకుని వెనక్కెళ్లిపోతారు అన్నాడట.

ఈ కథ తెలిసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఎందుకంటే మొదటి ఏడాదంతా నేను ఆ కొత్తమనిషినే. కేఫ్ తలుపు ముందు, లైబ్రరీ ముందు, ఆఖరికి పార్కు గేటు ముందు కూడా, మనం వెళ్లొచ్చో లేదో అని ఆగిపోయేదాన్ని, మా ఆయన పక్కనుంటేనే లోపలికి అడుగు పెట్టేదాన్ని. మరదలికి కూడా అలానే ఉండి ఉండొచ్చు, నీకు చెప్పి ఉండకపోవచ్చు. ఆ పార్కులో ఎటు వెళ్లాలో తననే చెప్పనివ్వు. తప్పు దారి పట్టినా ఏం కాదు, ఎటు వెళ్లినా చెట్లే.

నేను పెట్టుకోమన్న ఆ ఒక్క పనీ ఇప్పుడు చెప్తాను. పార్కులో పెంబ్రోక్ లాడ్జ్ అని పాత బంగళా ఉంది, అందులో టీ దొరుకుతుంది. దాని తోటలో కింగ్ హెన్రీస్ మౌండ్ అని చిన్న దిబ్బ. దిబ్బ మీద పొదల మధ్య ఒక కంతలాంటి ఖాళీ వదిలారు, అందులోంచి చూస్తే పది మైళ్ల అవతల సెయింట్ పాల్స్ చర్చి గోపురం కనిపిస్తుంది. ఆ చూపుకి ఏ బిల్డింగూ అడ్డం రాకుండా రూల్స్ ఉన్నాయి. మబ్బు లేని రోజైతే చక్కగా కనపడుతుంది. తనని ముందు చూడనివ్వు, అక్కడేముందో ముందే చెప్పెయ్యకు.

తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లండి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ ముక్క ఒకటి, ఒక దుప్పటి. గడ్డి మీద కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు. పొద్దున ఇద్దరూ కలిసి వంట చెయ్యండి, పులిహోర కలిపే పని నువ్వు తీసుకో. జేబులో పల్చటి రెయిన్ జాకెట్ తప్పనిసరి. కాళ్లకి నడిచే బూట్లే, మొత్తం మీద ఐదారు కిలోమీటర్లవుతుంది, పీటర్‌షామ్ గేటు నుంచి పైకి కాస్త ఎత్తు కూడా.

చలికాలమైతే ఇదంతా నడవదు. డిసెంబర్లో నాలుగింటికి ముందే పొద్దుగూకుతుంది. అప్పుడు రిచ్‌మండ్‌కి ఒక స్టేషన్ ముందే దిగి క్యూ గార్డెన్స్‌కి వెళ్లండి. టికెట్ ఉంది, ముందే ఆన్‌లైన్‌లో కొంటే తగ్గుతుంది. అక్కడ ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ కన్సర్వేటరీ అనే అద్దాల ఇంట్లో పది రకాల వాతావరణాలు పెట్టారు, ఎడారి నుంచి తేమ అడవి దాకా. బయట గడ్డకట్టే చలి, తలుపు తోస్తే మన జులై ఉక్క. జాకెట్ విప్పి చేత్తో పట్టుకుని తిరగడం ఎంత హాయిగా ఉంటుందో.

ఎండాకాలమైతే సాయంత్రం రిచ్‌మండ్ గేటు నుంచి బయటికొచ్చి రిచ్‌మండ్ హిల్ మీద బెంచీల దగ్గర కూర్చోండి. కింద నది వంపు తిరుగుతూ, చెట్లు, ఇందాకటి ఆవుల మైదానం, అన్నీ కనిపిస్తాయి. ఆ దృశ్యం పాడుకాకూడదని 1902లో పార్లమెంటులో చట్టమే చేశారు. జూన్లో తొమ్మిది దాటాక గానీ సూర్యుడు దిగడు, కాబట్టి తొందర లేదు. మేము అక్కడికి వెళ్లిన రోజు కెమెరా తియ్యలేదు, అందుకే ఆ షాట్లు ఈ వీడియోలో లేవు.

తమ్ముడూ, శనివారం నాకు ఫొటోలు పంపక్కర్లేదు, మెసేజ్ కూడా పెట్టొద్దు. సోమవారం మరదల్ని పెట్టమను, పొదల్లోంచి ఏం కనిపించిందో తనే చెప్తుంది.