నీళ్లు కక్కించకండి, ముందు ఊపిరి ఊదండి

శ్రోతలకు నమస్కారం.

కార్తీక మాసం వచ్చిందంటే బాపట్ల దగ్గర సూర్యలంక, బందరు దగ్గర మంగినపూడి, నెల్లూరు వైపు మైపాడు జనంతో కిటకిటలాడతాయి. విశాఖ ఆర్కే బీచ్ సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ ఏడాది పొడుగునా తిరనాళ్లే. ఆ జనంలో మెడలో ఈల వేసుకుని, కళ్లు నీళ్లమీదే పెట్టుకుని తిరిగే లైఫ్‌గార్డులను మీరు చూసే ఉంటారు. ఈత వాళ్లకు కొట్టిన పిండి. కానీ మనిషిని ఒడ్డుకు చేర్చాక చేయాల్సింది వేరే విద్య. అది కొంత మనకూ వచ్చి ఉండాలి. ఎందుకంటే మన చెరువుల దగ్గర, కాలవ గట్ల మీద, వ్యవసాయ బావుల దగ్గర లైఫ్‌గార్డు ఉండడు.

మునిగిన మనిషిని బయటికి తీయగానే మనవాళ్లు ఏం చేస్తారు? బోర్లా వేసి వీపు నొక్కుతారు. వెల్లకిలా వేసి పొట్ట నొక్కుతారు. చిన్నపిల్లలైతే కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తారు, భుజాన వేసుకుని గిరగిరా తిప్పుతారు. నోట్లోంచి బళుక్కున నీళ్లు వస్తే "అమ్మయ్య, నీళ్లు కక్కాడు" అని చుట్టూ ఉన్నవాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. పీల్చుకోవాల్సినవాడు మాత్రం పీల్చుకోడు.

ఆ వచ్చిన నీళ్లు పొట్టలోవి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది మామూలుగా కొంచెమే, అదీ చాలావరకు రక్తంలోకి ఇంకిపోతుంది. మనం పొట్ట నొక్కితే నీళ్లతో పాటు తిన్న అన్నం కూడా పైకి తన్ని, శ్వాసనాళంలోకి దిగుతుంది. పైగా ఈ హడావుడి జరిగినంతసేపూ మెదడుకు ఆక్సిజన్ అందదు.

అలాగని మనవాళ్లనే తప్పు పట్టలేం. 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, నీట మునిగినవాళ్లను బతికించడానికని ఒక సంఘం పెట్టారు. ఆ కాలంలో యూరప్‌లో పేరున్న వైద్యం ఏమిటో తెలుసా? పొగాకు పొగను మలద్వారం గుండా లోపలికి ఊదడం! మనిషిని పీపా మీద వేసి దొర్లించడం కూడా ఉండేది. నోట్లోకి గాలి ఊదడమే మేలని 1950లలో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ అనే డాక్టర్లు ప్రయోగాలు చేసి తేల్చారు. 1960లో ఛాతీ నొక్కే పద్ధతి తోడైంది. ఈ రెండూ కలిసిందే సీపీఆర్.

ఈమధ్య సీపీఆర్ అనగానే అందరికీ ఛాతీ నొక్కడమే గుర్తొస్తోంది. నడుస్తూ నడుస్తూ గుండె ఆగి కుప్పకూలినవాడికి అది సరైనదే, అతని రక్తంలో ఇంకా ఆక్సిజన్ ఉంటుంది. నీట మునిగినవాడిలో అదే అయిపోయింది. ముందు ఊపిరి ఆగి, ఆ తర్వాత గుండె ఆగుతుంది. కాబట్టి ఇక్కడ మొదలు ఊపిరితోనే.

బీచ్‌లో అయితే మనిషిని అలల గీతకు సమాంతరంగా, అడ్డంగా పడుకోబెట్టాలి. తల సముద్రం వైపు పెడితే ఇసుక వాలుకు తల కిందికి అవుతుంది. నుదుటి మీద ఒక చెయ్యి వేసి, రెండో చేతి వేళ్లతో గడ్డం పైకి లేపండి. పది సెకన్లలోపు చూసుకోండి, ఛాతీ లేస్తోందా, ముక్కు దగ్గర గాలి ఆడుతోందా అని. ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తే దాన్ని ఊపిరి అనుకోవద్దు. ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి, ఒక సెకను పాటు ఊదండి. ఛాతీ పైకి లేస్తే గాలి వెళ్లినట్టే. యూరప్ పద్ధతిలో మొదట ఐదుసార్లు ఊదమంటారు, అమెరికా పద్ధతిలో రెండుసార్లు. లెక్క దగ్గర టెన్షన్ పడకండి, ఊదడం మానకండి. నోటి నుంచి తెల్లటి నురగ వస్తూనే ఉంటుంది, దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు. వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి, మళ్లీ మొదలెట్టాలి.

అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ నడిమధ్య అరచేతి కింది భాగం ఆనించి, ఐదారు సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. 30 నొక్కులకు రెండు ఊపిరులు. పక్కనున్న ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. "ఎవరైనా చేయండి" అంటే ఎవరూ చేయరు, ఒకరి వైపు వేలు చూపించి చెప్పండి.

మరో మాట. మునిగేవాడు సినిమాలో లాగా కేకలు వేయడు. నోరు నీటిమట్టం దగ్గర తేలుతూ మునుగుతూ ఉంటే అరవడానికి గాలేదీ? ఈత రానివాళ్లు మాత్రం వెంటనే దూకొద్దు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. కర్ర అందించండి, తాడు విసరండి, ఏదీ లేకపోతే చీరో పంచో. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ కూడా మనిషి మునిగిపోకుండా ఆపగలదు.

ఇక తేరుకున్నాక చాలామంది "నాకేం కాలేదు, ఇంటికెళ్తా" అని లేచి కూర్చుంటారు. పంపకండి. తడిబట్టలు తీసి పొడిది ఏదైనా కప్పండి. దగ్గు, ఆయాసం, మగత ఉంటే తప్పకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఊపిరితిత్తుల్లో వాపు కొన్ని గంటల తర్వాత ముదరవచ్చు. అందుకే డాక్టర్లు బాగానే కనిపిస్తున్నవాళ్లను కూడా ఆరేడు గంటలు కళ్లముందు ఉంచుకుని, ఆ తర్వాతే ఇంటికి పంపిస్తారు.